చెవి విరవని క్యాసెట్టు

అటకమీది సామాను పారేద్దామనడం నా వంతు. "ఉండనీవే, ఎందుకైనా పనికొస్తుంది" అనడం మావారి వంతు. పెళ్లయిన నాటినుంచీ మా ఇంట్లో ఇదే ఆనవాయితీ. కిందటి సంక్రాంతి ముందు మాత్రం కథ అడ్డం తిరిగింది. ఆయన అటకమీంచి పాత దుప్పటి మూట ఒకటి దించి, ఆ దుమ్ముకి నాలుగు తుమ్ములు తుమ్మి, "ఇది ఇనపసామానువాడికి వేసేద్దాం" అన్నారు. మూట విప్పి చూద్దును కదా, మా నాన్నగారి టూ ఇన్ వన్! పక్కనే బిస్కెట్ల రేకుడబ్బాలో పదకొండు క్యాసెట్లు.

"వద్దండీ, ఉండనివ్వండి" అన్నాను గబుక్కున.

"ఎందుకూ?"

"ఎందుకైనా పనికొస్తుంది."

ఇన్నేళ్ల కాపురంలో ఆయనకి ఇంతటి విజయం ఎన్నడూ దక్కలేదు. మారుమాట్లాడకుండా, నవ్వుకుంటూ స్నానానికి వెళ్లిపోయారు.

టూ ఇన్ వన్ అంటే ఏమిటో తెలియని కొత్త కోడళ్ల కోసం ఒక్కమాట చెబుతాను. ఒకే పెట్టెలో ఇటు రేడియో, అటు టేపురికార్డరు. రేడియోలో పాట వస్తుండగానే రెండు మీటలు కలిపి నొక్కితే ఆ పాట క్యాసెట్టులోకి ఎక్కిపోయేది. ఆ రోజుల్లో అది ఉన్న ఇంటికి సాయంత్రాలు చుట్టుపక్కల పిల్లలంతా చేరేవారు.

మాది లాలాగూడ. నాన్నగారు ఇక్కడి రైల్వే క్యారేజీ వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేశారు. ఆ వర్క్‌షాపు 1893లో, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే నాడు వెలిసింది. ఆ రైల్వే తర్వాత ప్రభుత్వపరమై, 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసి, ఆ పైన 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే చేతికి వచ్చింది. నేనూ ఆ ఏడే పుట్టాను కనక, "నువ్వూ జోనూ ఒకే ఈడువాళ్లు" అని నాన్నగారు వేళాకోళం చేసేవారు. వర్క్‌షాపు సైరను కూతతోనే మా వాడకట్టులో పొయ్యి వెలిగేది, అన్నం వార్చేది, పిల్లలు బడికి బయల్దేరేది.

సరే, ఆ పెట్టె ఎందుకు పనికొస్తుందనుకున్నానో చెప్పాలి. ఫాల్గుణంలో మా తమ్ముడి కూతురి పెళ్లి. మా వంశంలో అప్పగింతలప్పుడు పాడే పాట ఒకటుంది. మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, గోదావరి గట్టునుంచి తనతోపాటు తెచ్చుకున్న పాట అది. నా మేనత్తల పెళ్లిళ్లలో ఆవిడే పాడింది. ఆవిడ పోయిన తర్వాత ఇంకెవరూ పాడలేదు. నా పెళ్లిలో ఆ వేళకి భజంత్రీలే వాయించారు. "పాట రాదా అమ్మా?" అని ఇప్పుడు మా అమ్మని అడిగితే, "మాటలు కొన్ని గుర్తున్నాయే, వరుస పోయింది. వరుస లేని పాట తాలింపు లేని చారు" అంది. అమ్మకిప్పుడు ఎనభై నాలుగేళ్లు.

ఆ పాట ఒకప్పుడు మా ఇంట్లో క్యాసెట్టులో ఉండేది. దాన్ని చెరిపింది నేనే.

ఎలా చెరిపానో చెప్పేముందు, ఈ పెట్టెలో పాట ఎలా నిలుస్తుందో, ఎలా పోతుందో కాస్త చెప్పుకోవాలి. మెకానిక్కు షాపులో కూర్చున్నప్పుడూ, ఇంట్లో అందరూ పడుకున్నాకా ఇదంతా తెలుసుకున్నాను. వంటింటి లెక్కల్లో చెబితే సుళువుగానే ఉంటుంది.

1898లో డెన్మార్కు దేశపు ఇంజనీరు వాల్డెమార్ పౌల్‌సెన్ ఉక్కు తీగని అయస్కాంతం పక్కగా పోనిచ్చి, దానిమీద మనిషి మాటని నిలిపాడు. 1928లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ అనే ఆయన, తీగకి బదులు కాగితప్పట్టీ మీద ఇనుప పొడి పూస్తే చాలునన్నాడు. అంతకుముందు ఆయన సిగరెట్ల చివర బంగారు రంగు పట్టీ వేసే పద్ధతి కనిపెట్టిన మనిషి. పూతపని తెలిసినవాడన్నమాట. 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఆ పద్ధతిమీద తయారైన యంత్రాన్ని చూపించారు. అప్పటి టేపు పెద్ద చక్రాలకి చుట్టి ఉండేది. యంత్రం బరువు సంగతి చెప్పక్కర్లేదు. రేడియో స్టేషన్లకీ సినిమావాళ్లకీ తప్ప మనబోటివాళ్ల గడపలోకి వచ్చే వస్తువు కాదు.

దాన్ని చీరకొంగులో ముడేసుకునేంత చేసినవాడు లూ ఓటెన్స్. ఫిలిప్స్ కంపెనీలో డచ్చి ఇంజనీరు. కోటుజేబులో పట్టేలా ఒక చెక్కముక్క కోయించి, "యంత్రం ఇంతే ఉండాలి" అని తన వాళ్లకి చూపించాడట. 1963 ఆగస్టులో, అదే బెర్లిన్ రేడియో ప్రదర్శనలో, క్యాసెట్టు లోకానికి కనిపించింది. మొదట దాన్ని సంగీతం కోసం ఉద్దేశించలేదు. ఆఫీసులో చెప్పి రాయించుకునే మాటలకి చాలుననుకున్నారు. తర్వాత ఫిలిప్స్ ఆ క్యాసెట్టు నమూనాని ఇతర కంపెనీలకీ రుసుము లేకుండా ఇచ్చింది. అందుచేత జపాను క్యాసెట్టు డచ్చి పెట్టెలోనూ, మన దేశంలో చేసిన క్యాసెట్టు జపాను పెట్టెలోనూ పాడింది. ఓటెన్స్ 2021లో, తొంభై నాలుగో ఏట కన్నుమూశారు.

లోపలి టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు, 3.81. సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. లెక్క కట్టి చూశాను. మూడు నిమిషాల పాటకి దాదాపు ఎనిమిదిన్నర మీటర్ల టేపు కావాలి. అంటే ఆరు గజాల చీర ఒకటిన్నర! అరవై నిమిషాల క్యాసెట్టులో సుమారు 90 మీటర్లు, పదహారు చీరలు మడత నలగకుండా అరచేతిలో పట్టేశాయి. ఏ చీరలకొట్టు గుమాస్తా ఇంత బాగా చుట్టగలడు?

ఆ టేపుమీద గోధుమరంగులో కనిపించే పూత ఐరన్ ఆక్సైడు. తుప్పుకి దగ్గరి చుట్టం. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు నాన్నగారు గుర్తొచ్చారు. పగలంతా పెట్టెల చట్రాలకి పట్టిన తుప్పు గీకడం ఆయన పని. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, ఆ తుప్పు చుట్టం పాడే పాట వినేవారు!

ఇక రికార్డింగు. యంత్రంలో టేపు రెండు హెడ్డుల ముందునుంచి పోతుంది. మొదటిది చెరిపే హెడ్డు, రెండోది రాసే హెడ్డు. మనం రోజూ వాకిట్లో చేసే పనే సుమండీ! ముందు కల్లాపి, తర్వాత ముగ్గు. నిన్నటి ముగ్గు ఎంత అందమైనదైనా, కల్లాపి పడ్డాక ఉండదు. రికార్డు మీట నొక్కామంటే కల్లాపి జల్లినట్టే.

ఆ సంగతి ఓటెన్స్ బృందానికి తెలియక కాదు. అందుకే క్యాసెట్టు వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ చెవులు పెట్టారు, ఒక్కో వైపుకి ఒకటి. చెవి విరిచేస్తే అక్కడ గుంట పడుతుంది. యంత్రంలో చిన్న పుల్ల ఆ గుంటలోకి దిగి, రికార్డు మీటని నొక్కుపడనివ్వదు. దాచుకోవలసిన క్యాసెట్టుకి చెవి విరవాలి. అంతే. చెంచాకొనతో విరిచేయొచ్చు. మామ్మ క్యాసెట్టుకి మేమెవరం ఆ పని చేయలేదు.

1979లో నాన్నగారి పినతండ్రి కొడుకు మస్కట్‌నుంచి వస్తూ ఆ టూ ఇన్ వన్ తెచ్చి ఇచ్చాడు. అప్పట్లో గల్ఫ్‌నుంచి వచ్చినవాడు టేపురికార్డరు లేకుండా విమానం దిగితే మర్యాద కాదు. ఇటు కరీంనగరు, నిజామాబాదు; అటు కడప, గోదావరి జిల్లాలు; ఎన్నో ఇళ్లకి ఈ పెట్టె అలాగే చేరింది. ఉత్తరం రాయడం రానివాళ్లు క్యాసెట్టులో మాట్లాడి పంపుకునేవారు. పిల్లాడి ఏడుపు, గేదె ఈనిన కబురు, అప్పు సంగతి అన్నీ అందులోనే. అవతల విన్నవాడు దానిమీదే జవాబు చెప్పి తిరిగి పంపేవాడు. అలా ఒక ఉత్తరం మీద ఇంకో ఉత్తరం చెరిగిపోయేది.

మా ఇంట్లో మొదటి వారంలోనే అమ్మ, మామ్మని కూర్చోబెట్టి పాటలు పాడించింది. అరగంట పట్టే ఒక వైపంతా నిండింది. మేలుకొలుపు, లాలి, మంగళహారతి, ఊర్మిళాదేవి నిద్రలో కొంత, చివర అప్పగింతల పాట. యంత్రం తన గొంతు తనకి తిరిగి వినిపిస్తే మామ్మ నోరు నొక్కుకుని, "ఈ ముసలిదెవత్తే!" అంది.

రెండేళ్లు గడిచాయి. 1981 నాటికి నాకు పదిహేనేళ్లు. శంకరాభరణం వచ్చి ఏడాది దాటినా ఊరంతా ఆ పాటలే. రేడియోలో ఆ పాటలు వేస్తారని తెలిసిన రోజున చేతికి ఖాళీ క్యాసెట్టు లేదు. కొత్తది కొనాలంటే నాన్నగారి జేబు చూసుకోవాలి. డబ్బాలోంచి ఒకటి తీశాను. అది మామ్మదని నాకు తెలుసు. తెలియదని రాస్తే అబద్ధం అవుతుంది. "మామ్మ ఇంట్లోనే ఉందిగా, మళ్లీ పాడించుకుంటే సరి" అనుకున్నాను. మీటలు నొక్కాను.

సంగతి తెలిసి అమ్మ నన్ను తిట్టింది. మామ్మే అడ్డుపడి, "పోతే పోయిందిలెద్దూ, నేనున్నానుగా!" అంది.

1983లో మామ్మ పోయింది. ఆ రెండేళ్లలో మళ్లీ పాడించుకోవడం మాకు పడలేదు. ఇవాళ చదువు, రేపు పరీక్షలు, ఎల్లుండి చుట్టాలు.

నామీద నేను నేరం మోపుకోవడానికి ఇది రాయడంలేదు. ఆ రోజుల్లో ఇంటింటా ఇదే జరిగింది. క్యాసెట్టు రాకముందు మనకి గ్రామఫోను ఉంది, రేడియో ఉంది. ఆ రెండింట్లోనూ మనం వినేవాళ్లమే కాని వినిపించేవాళ్లం కాదు. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ గ్రామఫోనుకి పాడి, పాట చివర తన పేరు ఇంగ్లీషులో చెప్పింది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో కదా, అక్కడివాళ్లకి పాడిందెవరో తెలియాలి! అలా పేరు చెప్పుకునే అవకాశం ఎంతమంది ఆడవాళ్లకి దక్కుతుంది? వంటింటి మనిషి గొంతుని వంటింట్లోనే పట్టి నిలిపే యంత్రం మనకి క్యాసెట్టుతోనే వచ్చింది. ఆ యంత్రంతోనే ఆ గొంతుని చెరిపాం కూడా. పెద్దవాళ్ల పాట రోజూ వినపడేది, ఉచితం. సినిమాపాట రేడియోవాళ్లు ఎప్పుడు వేస్తే అప్పుడే. కనక సినిమాపాటకే టేపు దక్కింది.

పైగా పాటల ఆకలి అప్పుడు అలాంటిది. సికింద్రాబాదులో, ఆ మాటకొస్తే ప్రతి ఊళ్లోనూ, రికార్డింగు సెంటర్లని ఉండేవి. తెల్లకాగితం మీద వరస నెంబర్లు వేసి కావలసిన పాటలు రాసి, ఖాళీ క్యాసెట్టుతో ఇస్తే, వారం తిరక్కుండా ఎక్కించి ఇచ్చేవారు. ఆ చిట్టా రాయడానికి మేము పెళ్లి పిలుపుల జాబితాకన్నా ఎక్కువ కొట్టుకునేవాళ్లం. 1974లో ఘంటసాల పోయిన తర్వాత వెలువడిన ఆయన భగవద్గీత మొదట రికార్డుగా వచ్చినా, ఊరూరా గుడి మైకుల్లోకి, ఇంటింటి పూజగదిలోకి వెళ్లింది క్యాసెట్టుగానే.

ఇక మామ్మలాంటివాళ్ల పాటల మాట. వాటిని ఎవరూ పట్టించుకోలేదని అనలేం. 1955లోనే హైదరాబాదులో ఆంధ్ర సారస్వత పరిషత్తు స్త్రీల రామాయణపు పాటలని పుస్తకంగా వేసింది. మా లాలాగూడకి కూతవేటు దూరంలో ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాలమీద పరిశోధన చేసి, 1958లో గ్రంథంగా ప్రకటించారు. వెల్చేరు నారాయణరావుగారు 1991లో వెలువడిన ఇంగ్లీషు వ్యాసంలో, రాముడి కథని మన ఆడవాళ్లు తమ వైపునుంచి ఎలా పాడుకున్నారో లోకానికి చెప్పారు. మాటలు అలా అచ్చుకెక్కాయి. వరుస అచ్చుకెక్కేది కాదు. అది గొంతులోనే ఉండాలి, లేదా టేపులో ఉండాలి.

చెప్పొచ్చేదేమిటంటే, అప్పగింతల పాట మామ్మ క్యాసెట్టులో చివరిది. రేడియో కార్యక్రమం అరగంట నిండకముందే అయిపోయిందని నాకు లీలగా గుర్తు. అయితే టేపు చివర నాలుగైదు నిమిషాలు చెరక్కుండా మిగలాలి. నలభై ఏళ్ల పైచిలుకు తర్వాత, అటక దగ్గర నిలబడి నేను చేసిన లెక్క అది. అంత లెక్క చేశాకా ఇనపసామానువాడికి ఎలా వేయమంటారు?

పెట్టె ప్లగ్గులో పెడితే రేడియో గురగురలాడింది. క్యాసెట్టు మాత్రం తిరగలేదు. మా వీధి చివర మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. ఒకప్పుడు చేతినిండా టేపురికార్డర్లే చేసేవాడట. వెనక మూత తీసి, లోపల నల్లగా తారులా కారిన జిగురుని పుల్లతో గీకి చూపించాడు.

"బెల్టు గిట్లయిందమ్మా. రబ్బరు గద, ఇన్నేండ్లు నడ్వకపోతే కరిగి పోతది. మోటరు మంచిగనే ఉన్నది. పరేషాన్ గాకు."

"బెల్టు దొరుకుతుందా?"

"కోఠీ గుజరాతీ గల్లీల చూస్త. ఆడ లేకుంటే ఐతారం ఎర్రగడ్డ అంగట్ల పాత పెట్టె ఒకటి కొంట. దాంట్లకెల్లి పీకుడే."

బెల్టు గుజరాతీ గల్లీలోనే దొరికింది. టేపుని నొక్కిపట్టి లాగే చిన్న రబ్బరు చక్రం, దాన్ని పించ్ రోలరంటారు, రాయిలా గట్టిపడింది. మన పాత యంత్రాలు టేపుని "తినేసేవి" గుర్తుందా? మూత తీస్తే సేమ్యాలా చుట్టుకుపోయి బయటికి వచ్చేది. చాలాసార్లు ఆ పాపం ఈ చక్రానిదే. అది మాత్రం ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్న పాత పెట్టెలోంచి వచ్చింది. హెడ్డుకి పట్టిన గోధుమరంగు మడ్డిని పెద్దాయన దూదిపుల్లని స్పిరిట్‌లో ముంచి తుడిచాడు. ఎన్నేళ్ల పాటల పొడి అది! దూది ఇటుకరంగుకి తిరిగింది.

ఇక క్యాసెట్టు. టేపుని హెడ్డుకి ఆనించే మెత్తటి ఫెల్టు ముక్క ఒకటి లోపల ఉంటుంది. జిగురు ఎండి, అది ఊడి అడుగున పడి ఉంది. అయిదు మరలు విప్పి, రెండు చక్రాలూ చుట్టలు చెదరకుండా ఎత్తి, ఎవరూ వినని ఇంకో క్యాసెట్టు డొల్లలోకి మార్చాడు. ఆ కాసేపూ నేను ఊపిరి పీల్చానో లేదో గుర్తులేదు. వదులైన టేపు చుట్టడానికి ఆయన అడిగిన పనిముట్టు ఏమిటనుకున్నారు? పెన్సిలు! క్యాసెట్టు చక్రానికి ఆరు పళ్లు, మన పెన్సిలుకి ఆరు పలకలు. ఎవరు ఎవరికోసం పుట్టారో గాని, ఆ జంట మాత్రం కుదిరింది.

ఆ సాయంత్రం అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, మావారు, మా అబ్బాయి, నేను చుట్టూ చేరాం. మొదట నేనెక్కించిన శంకరాభరణం పాటలు వచ్చాయి. మధ్యలో పదిహేనేళ్ల నేను ఎవరినో "ష్!" అన్నట్టు మూతి మీద వేలు పెట్టుకోవడం గుర్తొచ్చింది. రేడియోనుంచి నేరుగా ఎక్కేటప్పుడు ఇంట్లో మాటలు పడవని నాకప్పుడు తెలియదు కదా! పాట అయిపోయింది. టక్కుమని ఒక చప్పుడు. అంతా బుస్సుమని హోరు. ఆ హోరులోంచి మామ్మ.

అప్పగింతల పాటే. మొదటి చరణాలు పోయాయి. మూడో చరణం సగంనుంచి ఉంది. మా అబ్బాయి నాకేసి చూశాడు. నేను ఎటు చూశానో చెప్పను.

అమ్మ మాత్రం మొహం చిట్లించింది. "మా అత్తగారి గొంతు ఇంత చిన్నపిల్ల గొంతు కాదే. ఆవిడ ఇంత గబగబా పాడేవారు కాదు."

నా గుండె జారింది. నాకు ఆ తేడా తెలియలేదు. నలభై ఏళ్లలో మామ్మ గొంతు ఎలా ఉండేదో నేను మరిచిపోయాను. అమ్మ మరిచిపోలేదు.

మర్నాడు పెద్దాయన్ని అడిగితే, "అమ్మ చెప్పింది నిజమే అయితది. కొత్త బెల్టు గద, స్పీడు పెరిగుంటది" అన్నాడు. మోటారు వెనక చిన్న కన్నం ఉంటుందట, అందులో సన్నటి స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే వేగం తగ్గుతుంది, పెరుగుతుంది. కాని ఎంతకి తగ్గించాలి? మామ్మ గొంతుకి కొలబద్ద ఏదీ?

ఆ ఉపాయం మా అబ్బాయికి తట్టింది. అదే క్యాసెట్టులో, అదే యంత్రంతో ఎక్కించిన శంకరాభరణం పాట ఉంది కదా. ఆ పాట అసలు ఎలా ఉంటుందో ఫోనులో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి, రెండు శ్రుతులూ కలిసేదాకా మోటారు తిప్పితే సరి! షాపులో బల్లమీద ఒకవైపు ఫోను, ఒకవైపు టూ ఇన్ వన్. పెద్దాయన వెంట్రుకవాసి తిప్పడం, మేము చెవులు రిక్కించడం. నాలుగైదుసార్లకి రెండు పాటలూ ఒక్క గొంతై కలిశాయి. మామ్మని చెరిపిన పాటే చివరికి మామ్మ గొంతుకి సాక్ష్యం చెప్పింది.

హెడ్డు పక్కనున్న ఇంకో చిన్న మరని కూడా ఆయన కాస్త సవరించాడు. హెడ్డు టేపుకి నిటారుగా లేకపోతే పాట దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుందట. మర తిరగ్గానే హోరులోంచి మాటలు తేటపడ్డాయి.

ఇంటికొచ్చి మళ్లీ పెట్టాం. అమ్మ కళ్లు మూసుకుని వింది. ఈసారి మొహం చిట్లించలేదు. పెదవులు కదుపుతోంది. మూడో చరణం అయ్యేసరికి వరుస పట్టుకుంది. టేపు ఆపించి, పోయిన మొదటి చరణాల మాటలు తను గుర్తుచేసుకుంటూ ఆ వరుసలో పెట్టుకుంది. టేపులో మాటలు సగమే ఉన్నాయి, అమ్మ దగ్గర వరుస లేదు. రెండూ కలిసి పాట అయింది. ఒక మాట దగ్గర పదినిమిషాలు ఆగిపోయి, రాత్రి భోజనాల దగ్గర "ఆఁ, దొరికింది!" అని మజ్జిగన్నం మధ్యలో పాడేసింది.

టేపు చివర ఇంకొకటి ఉంది. పాట అయ్యాక దూరంగా వర్క్‌షాపు సైరను. మధ్యాహ్నపుదో, సాయంత్రపుదో. దాని వెంట మామ్మ మాట: "ఆగిందా అమ్మాయ్?" దానికి మా అమ్మ, ముప్ఫై ఎనిమిదేళ్ల మా అమ్మ, నవ్వుతూ, "ఇంకా తిరుగుతోందండీ."

ఆ తర్వాత టేపు అయిపోయింది. "నా గొంతు అలా ఉండేదా?" అంది అమ్మ.

పెళ్లి బాగా జరిగింది. అప్పగింతల వేళ మా తమ్ముడు పాటలపెట్టె వాళ్లని అయిదు నిమిషాలు ఆపమన్నాడు. అమ్మ పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని పాడింది. రెండో చరణంలో గొంతు పట్టుకుపోతే, వారం రోజులుగా విని నేర్చుకున్న మేమంతా అందుకున్నాం. వియ్యపురాలు నన్ను పక్కకి పిలిచి, "మా అమ్మమ్మ దగ్గర కూడా ఇలాంటిదేదో ఉండేదండీ" అంది. "ఏమైంది?" అన్నాను. ఆవిడ చెయ్యి తిప్పింది, లేదన్నట్టు.

మా అబ్బాయి మామ్మ పాటని ఫోనులోకి, కంప్యూటర్లోకి ఎక్కించి అందరికీ పంపాడు. మంచిదే. కాని ఫోనులో అయితే చెరపడానికి ఒక వేలు చాలు, దానికి విరవడానికి చెవి కూడా లేదు. అందుకని నా పద్ధతిలో నేను ఇంకో పని చేశాను. రేకుడబ్బాలో విప్పని ఖాళీ క్యాసెట్టు ఒకటి మిగిలి ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మని పీటమీద కూర్చోబెట్టి, మొదటినుంచి చివరిదాకా పాట పాడించాను. రెండో వైపు, ఆవిడకి గుర్తున్న మిగతావన్నీ.

"ఆగిందా?" అంది అమ్మ.

మీట నొక్కి ఆపాను. క్యాసెట్టు బయటికి తీసి, చెంచాకొన పెట్టి రెండు చెవులూ విరిచేశాను. మామ్మ క్యాసెట్టుకి కూడా. ఆ నాలుగు ప్లాస్టిక్ ముక్కలూ పారేద్దామని చేతిలోకి తీసుకుంటే, మావారు పేపరు మీంచి తలెత్తి చూసి, "ఉండనీ" అన్నారు.